మైకులో టకటక

నేను మైకు పెట్టి రికార్డు చేసి పంపిన మా అవ్వ పాటలు ఫోన్లో విన్నవాళ్లంతా వెనక ఏదో టకటక అంటూ వంకలు పెడుతున్నారు. నాకైతే ఏమీ వినబడదు. చివరికి ఒళ్లు మండి, మైకు లోపలి బోర్డు మార్పిద్దామని ధర్మవరం నుంచి హిందూపురం వెళ్లాను.

రేడియోలు బాగుచేసే బాబావలి హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు.

"ఇది యాడ రికార్డు చేసినావప్పా?"

"ఇంట్లోనే. చీమ చిటుక్కుమన్నా వినబడతాది, అంత నిశ్శబ్దం."

"ఇంట్లో మగ్గం ఉండాదా?"

"ఉండాది. నాయన పొద్దస్తమానం నేస్తానే ఉంటాడు. దానికీ మైకుకీ ఏం సంబంధం?"

బాబావలి నన్ను ఎగాదిగా చూశాడు.

"బోర్డు మారిస్తే మగ్గం ఆగుతాదా? మైకు బాగుండాది. చెడింది నీ చెవులు. పో!"

ఇంటికి రాగానే నాయనతో మగ్గం ఆపించి, అవ్వ ముందు మైకు పెట్టాను. అవ్వ పాట ఎత్తుకుంది, తడబడింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ తడబడింది. చివరికి నాయన మీద విరుచుకుపడింది.

"మగ్గం ఎందుకాపినావురా? తాళం నేను యాడ్నుంచి తెచ్చుకోవల్ల?"