పెద్దోడి మోకాలు

పట్కారు పట్టి లాగుతుంటే పాత పిన్నులు ఒక్కొక్కటే ఊడి రేకు డబ్బాలో టిక్కుమని పడుతున్నాయి. దబ్బనం ఒక బస్సు సీటును బోర్లా తిప్పి మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. పైన రెక్సిన్ పెచ్చులుగా లేచిపోయింది. లోపలి ఫోమ్ పసుపుపచ్చగా మారి, వేళ్ళతో నలిపితే పొడిపొడిగా రాలుతోంది. బొటనవేలితో ఒకసారి నొక్కి చూశాడు. గుంట పడింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"చచ్చిపోయింది," అన్నాడు తనలో తనే.

ఫోమ్ గురించి ఆ సీటు కవర్ల షాపులో అందరూ అలాగే అంటారు. నొక్కితే లేచేది బతికున్న ఫోమ్, లేవనిది చచ్చిన ఫోమ్. ఇన్నేళ్ళుగా రోజూ అంటున్న మాటే. కానీ ఈమధ్య ఆ మాట నోట్లోంచి రాగానే అతను చేతిలో పని ఆపేస్తున్నాడు. జేబులో ఫోను ఉందో లేదో తడిమి చూసుకుంటున్నాడు.

సన్నగా పొడుగ్గా, మెడ దగ్గర కాస్త వంగి ఉంటాడు కాబట్టి సీట్లు కుట్టే పెద్ద సూది పేరే, దబ్బనం అని, అతనికి పెట్టేశారు. ఆ పేరుతోనే జుట్టు నెరిసింది. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో ఉన్నది ఒక్క అక్క. తల్లి పోయినప్పుడు అతన్ని చంకన వేసుకున్న మనిషి, దింపాక కూడా చెయ్యి వదల్లేదు. ఎముకల ఆసుపత్రిలో ఆయాగా చేసింది. ఊళ్ళో వాళ్ళ విరిగిన కాళ్ళకి, చేతులకి కట్లు విప్పుతూ, కడుతూ తన వయసంతా అక్కడే గడిపేసింది. పని మానేసి ఇంటిపట్టున కూర్చున్నాక ఆవిడ గుండె మొరాయించడం మొదలుపెట్టింది.

ఆ అక్కాతమ్ముళ్ళకి ఉన్న వ్యసనం ఒక్కటే, టీవీలో కుస్తీ. ఎక్కడో పెద్ద పెద్ద దీపాల కింద, తాళ్ళు కట్టిన గట్టు మీద కొండల్లాంటి మనుషులు ఒకళ్ళనొకళ్ళు ఎత్తి పడేసుకుంటుంటే వీళ్ళిద్దరూ ఇక్కడ మంచం మీద కూర్చుని అరుస్తారు. అందులో ఒక మల్లుడికి గడ్డం నెరిసింది. అక్క వాడికి పెద్దోడు అని పేరు పెట్టింది. ఆ పెద్దోడు చేరదీసి, పట్లు నేర్పి, తమ్ముడిలా తిప్పుకున్న కుర్రవాడొకడు ఉన్నాడు. ఎప్పుడూ పచ్చ రంగు చెడ్డీ వేస్తాడు. కొన్ని నెలల కిందట ఆ పచ్చచెడ్డీ వెనకనుంచి వచ్చి ఇనప కుర్చీతో పెద్దోడి మోకాలి మీద కొట్టాడు.

"నమ్మినవాణ్ణి కొట్టాడ్రా! అన్నం పెట్టినవాణ్ణి!" అంటూ అక్క మంచం మీంచి సగం లేచింది. లేచినది లేచినట్టే ఆగిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. ఆ సాయంత్రం ఆటోలో ఆవిడ తలను ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళిన దారి దబ్బనానికి ఇప్పటికీ కలలోకి వస్తుంది.

"ఆవేశం పనికిరాదు, కంగారు అసలే పనికిరాదు," అన్నాడు డాక్టరు. "టీవీలో ఏం చూస్తారమ్మా? ఏడుపు సీరియళ్ళా?"

"కుస్తీ సార్," అన్నాడు దబ్బనం, తప్పు ఒప్పుకున్నట్టు.

డాక్టరు పెన్ను మూసి నవ్వాడు. "కాస్త తగ్గించండమ్మా."

"నాకెందుకు బాబూ చెప్తారు, పైనుంచి దూకడం తగ్గించమని వాడికి చెప్పండి," అంది అక్క.

అప్పటినుంచీ దబ్బనం కళ్ళు తెరవగానే చేసే మొదటి పని పక్క మంచం వైపు చూడటం. దుప్పటి పైకి లేచి కిందికి దిగేదాకా తనూ ఊపిరి తీసుకోడు.

పక్క షాపులో బళ్ళకి రంగులు కొట్టే పెయింటరు టీ గ్లాసుతో వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అన్నా, మీ పెద్దోడు పోయాడు."

పట్కారు జారి కాలి మీద పడింది. "పోయాడా? ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, ఇంటికి. పొద్దున్నే ఫోన్లో చూశా. పచ్చచెడ్డీ చేతిలో ఓడిపోయాడు. ఓడితే ఇంక రింగులోకి రాకూడదని పందెం కదా. బూట్లు విప్పి రింగు మధ్యలో పెట్టేసి, ఒట్టి మేజోళ్ళతో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. జనం ఒకటే ఏడుపు. నేనైతే కంట్లో పెయింటు పడిందని చెప్పా మా ఆవిడకి. పక్క మీద పెయింటెక్కడిదయ్యా అంది."

దబ్బనం నవ్వలేదు. అదే ఆటను సాయంత్రం టీవీలో మళ్ళీ వేస్తారు. అక్క దానికోసం వారం నుంచి ఎదురు చూస్తోంది.

"అదేంటన్నా, అలా అయిపోయావు? అంతా నాటకమే కదా. ఎవడు గెలవాలో, ఎవడు ఓడాలో ముందే రాసుకుంటారు. నీకు తెలీదా?"

తెలుసు. చాలా కాలం నుంచి చూచాయగా తెలుసు. అక్కకే చెప్పలేదు. ఆట మొదలయ్యే ముందు ఆవిడ కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడిస్తుంది. "దేవుడా, వాణ్ణి కాస్త చూసుకో," అంటుంది. ఇలాంటి విన్నపాలు కూడా పైదాకా వెళతాయో లేదో మనకేం తెలుసు? కానీ ఆ జోడించిన చేతుల్ని చూస్తూ, అదంతా ఉత్తుత్తిదే అక్కా అనడానికి అతనికి ఎన్నడూ నోరు రాలేదు.

పెయింటరు వెళ్ళిపోయాక అతను మిషను ముందు కూర్చున్నాడు. కాళ్ళు తొక్కుతున్నాయి, చేతులు రెక్సిన్‌ను తోస్తున్నాయి, మనసు మాత్రం సాయంత్రం దగ్గరే ఉంది. పెద్దోడు పడతాడు. అక్క లేస్తుంది. పెదాలు నల్లబడతాయి. ఆ పైన ఆలోచన సాగనివ్వకుండా మళ్ళీ మొదటికి వస్తున్నాడు. పెద్దోడు పడతాడు. అక్క లేస్తుంది.

"ఏంటయ్యా దబ్బనం, సీటుకి బనీను పైకేసి చొక్కా లోపల తొడిగావు?"

తలెత్తి చూశాడు. వెనక ఓనరు నిలబడి ఉన్నాడు. కవరు మొత్తం తిరగబడింది. రంగు లోపలికి పోయి, ముతక గుడ్డ పైకి వచ్చింది. చేరిననాటి నుంచీ అలాంటి పొరపాటు చేసి ఎరగడు. కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఫోను మోగింది. అక్క నంబరు. కంగారులో తీయబోయి కట్ చేశాడు. మళ్ళీ మోగింది. అక్క కాక పక్కింటావిడ గొంతు వినిపిస్తుందేమోనని కళ్ళు మూసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఒరేయ్, రిమోట్ పని చెయ్యట్లేదు. వచ్చేటప్పుడు బ్యాటరీలు పట్టుకురా. మర్చిపోయావో, పచ్చచెడ్డీకి పట్టిన గతే నీకూ."

"వాడికేం పట్టింది?"

"ఇవాళ పడుతుందిగా!" అంది అక్క హుషారుగా.

ఆ హుషారే అతన్ని ఎక్కువ భయపెట్టింది. లేచి పెయింటరు దగ్గరికి వెళ్ళాడు. ఏదో ఒక ఉపాయం చెప్పమన్నాడు. పెయింటరు బ్రష్షుతో వీపు గోక్కుంటూ ఆలోచించాడు. తన దగ్గర పెన్‌డ్రైవులో పాత ఆటలు చాలా ఉన్నాయట. వాళ్ళిద్దరూ ఇంకా స్నేహంగా ఉన్న రోజుల్లో సరదాకి పెట్టిన ఆట ఒకటి ఉంది. అందులో పెద్దోడు గెలిచాడు. పచ్చచెడ్డీది అప్పుడూ పచ్చచెడ్డీయే.

"అక్క చూసి ఉంటుందేమోరా."

"ఎప్పటిదో అన్నా అది."

అప్పట్లో అక్క ఆదివారాలు డ్యూటీకి వెళ్ళేది. చూసి ఉండదు. దబ్బనం పెన్‌డ్రైవు జేబులో వేసుకున్నాడు. దారి పొడుగునా దాన్ని గుప్పెట్లో పట్టుకునే నడిచాడు. దేవుడా, ఈ ఒక్క అబద్ధం, ఇంకెప్పుడూ ఆడను. అక్క మొక్కే దేవుడికే అతనూ మొక్కాడు. పచ్చచెడ్డీ గుర్తుకొచ్చాడు. అక్క వాణ్ణి తిట్టేది కొట్టినందుకు కాదు. పెంచినవాణ్ణి మోసం చేసినందుకు.

మెట్లెక్కి వెళ్ళేసరికి అక్క మంచం మీద సిద్ధంగా కూర్చుంది. తల దువ్వుకుంది. ఒళ్ళో దిండు పెట్టుకుంది. అది దబ్బనం షాపులో మిగిలిన రెక్సిన్ ముక్కలు జోడించి కుట్టిన దిండు. ఎర్రది ఒక ముక్క, నల్లది ఒకటి, పాత కారు సీటు గోధుమరంగుది ఒకటి. ఆట జరుగుతున్నంతసేపూ ఆవిడ దాన్నే గుద్దుతుంది, గిల్లుతుంది, పీక నొక్కుతుంది. లోపలి ఫోమ్ ఎప్పుడో చచ్చిపోయింది. మారుస్తానంటే ఒప్పుకోలేదు. "నా చేతికి అలవాటైందిరా, ఉండనీ," అంది.

"టీవీలో బొమ్మ సరిగ్గా రావట్లేదట అక్కా. పెయింటరు పొద్దున వచ్చిన ఆటనే దీంట్లోకి ఎక్కించి ఇచ్చాడు," అన్నాడు. రిమోట్‌లో బ్యాటరీలు వేస్తూ, అక్క మొహం వైపు చూడకుండా.

"మంచివాడు పాపం," అంది అక్క. కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. "దేవుడా, వాణ్ణి కాస్త చూసుకో. ముసలాడయ్యాడు. గెలిపించకపోయినా సరే, ఆ మోకాలు మాత్రం కాపాడు."

ఆట మొదలైంది. పెద్దోడు తాళ్ళెక్కి గాల్లోకి లేచి పచ్చచెడ్డీ మీద దూకాడు. దబ్బనం చప్పట్లు కొట్టాడు. తన చప్పట్లు తనకే ఎబ్బెట్టుగా వినిపించాయి. అక్క కొట్టలేదు. దిండును గుద్దలేదు. మెడ ముందుకు సాచి చూస్తోంది.

"కట్టేదిరా?"

"ఏం కట్టు?"

"మోకాలికి. పోయిన వారం కూడా ఆ కాలు నేల మీద ఆనినప్పుడల్లా పంటితో పెదవి నొక్కుకున్నాడు. ఇప్పుడు చూడు, మేకపిల్లలా గెంతుతున్నాడు. వారంలో తగ్గే మోకాలా అది? ఎన్ని మోకాళ్ళు చూశాన్రా నేను!" తెర వైపు వేలు చూపించింది. "గడ్డం కూడా నల్లగానే ఉంది."

దబ్బనం రిమోట్ మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"పాతది కదూ?" అంది అక్క. "పచ్చచెడ్డీగాడు చాలడని నువ్వూ మొదలెట్టావా?"

అతను నేల మీద కూలబడి మంచం పట్టె పట్టుకున్నాడు. పొద్దుటినుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చేసింది. "ఓడిపోయాడక్కా. పొద్దున్నే ఓడిపోయాడు. ఇంక రాడు. నువ్వు చూస్తే నీకేమైనా అవుతుందేమోనని... అసలు అది నిజం కాదక్కా. ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారట. అంతా నాటకమేనట."

అనేశాక కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పైనుంచి ఏ చప్పుడు వస్తుందోనని ఎదురు చూశాడు.

"ఎవరు రాస్తారు?" అంది అక్క మామూలుగా.

"ఎవరో. దాన్ని నడిపించేవాళ్ళు."

"రాసినవాడే పైనుంచి దూకుతాడా?"

"లేదు. దూకేది పెద్దోడే."

"మరింకేంట్రా!" ఆవిడ దిండు మీద దుమ్ము దులిపినట్టు చేత్తో రాసింది. "ఎవరు రాస్తే ఏం, మోకాలు వాడిదేగా. మనదీ ముందే రాసి ఉందంటారు. అలాగని నాకిక్కడ నొప్పెట్టడం మానిందా?" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. "రాసినవాణ్ణి మార్చమని నేనెప్పుడూ అడగలేదు. మార్చడు కూడాను. కాస్త మెల్లగా పడెయ్యమంటా, అంతే. అదైనా వింటాడో వినడో... అడిగేది అడగాలిగా. లే, అసలుది పెట్టు."

పెట్టాడు. టీవీలో ఆట అప్పటికే సగం దాటింది. దబ్బనం తెర వైపు చూడలేదు. అక్క మెడ దగ్గర కొట్టుకుంటున్న నరాన్నే చూస్తూ కూర్చున్నాడు. కుర్చీ దెబ్బ చప్పుడు వినిపించింది. అక్క లేవలేదు. పిడికిలి బిగించి దిండులోకి నొక్కింది. జనం హోరెత్తారు, తర్వాత ఉన్నట్టుండి చప్పబడ్డారు. తెల్ల గీతల చొక్కా రిఫరీ నేలను మూడుసార్లు చరిచి ఆట ముగించాడు.

పెద్దోడు చాలాసేపు లేవలేకపోయాడు. లేచి, రింగు మధ్యలో కూర్చుని, బూట్ల తాళ్ళు ఒక్కొక్క మెలికే విప్పాడు.

"ఎంత బిగించాడో చూడు," అంది అక్క. "విప్పాక హాయిగా ఉంటుంది వాడికి." వాడు బూట్లు పక్కపక్కన సర్ది పెట్టి, తాళ్ళు దాటి, కుంటుకుంటూ నడిచి చీకట్లో కలిసిపోయేదాకా చూసింది. "పోనీలే. ఎవరూ మొయ్యలేదు. తన కాళ్ళ మీద తనే వెళ్ళాడు."

పెదాలు నల్లబడలేదు. మొహాన చెమట లేదు. మెడ దగ్గర నరం నెమ్మదిగానే కొట్టుకుంటోంది. దబ్బనానికి ఒళ్ళంతా తేలికైంది. ఎన్నో రోజుల తర్వాత ఆకలి వేసింది. పాలు వేడి చేస్తానని వంటగదిలోకి వెళ్ళాడు.

"ఇవాళ ఏం చేశానో తెలుసా అక్కా? సీటు కవరు తిరగేసి కుట్టేశా. ఓనరు ఏమన్నాడంటే, సీటుకి బనీను పైకేశావన్నాడు."

అవతలినుంచి అక్క నవ్వు వినిపించింది. చిన్నప్పుడు అతను పలక మీద అక్షరం తిరగేసి రాస్తే నవ్విన నవ్వే.

"పెయింటరేమో పొద్దున ఏడ్చాట్ట. కంట్లో పెయింటు పడిందని పెళ్ళానికి చెప్పాట్ట. పక్క మీద పెయింటెక్కడిదయ్యా అందట!"

టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది. పాలు పొంగబోతుంటే మంట తగ్గించాడు. గ్లాసులో పోసి, పైన తేలిన మీగడను చెంచాతో పక్కకి తీసి, ఊదుకుంటూ వచ్చాడు.

అక్క తల గోడకి ఆనించి ఉంది. కళ్ళు సగం తెరిచి టీవీ వైపే ఉన్నాయి. అతను గ్లాసు నేల మీద పెట్టాడు. పిలవలేదు. రోజూ పొద్దున్నే చూసినట్టే ఊపిరి బిగబట్టి, పమిట పైకి లేస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాడు. చూస్తూనే ఉన్నాడు. తనకిక ఊపిరాడక తనే పీల్చుకున్నాడు.

కాసేపటికి మంచం పక్కన కూర్చుని, అక్క చేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆ చెయ్యి ఉన్నచోట దిండు మీద, ఎర్ర ముక్కకీ నల్ల ముక్కకీ మధ్య, పిడికిలంత గుంట అలాగే ఉంది.