బండిల్ చీటీలు

"కంప్యూటర్‌కి నీమీద పగేముంది ప్రేమీ? నువ్వే స్లో అయుంటావు," అన్నాడు లయొనెల్, భార్య కట్టిచ్చిన అన్నం డబ్బా చంకన పెట్టుకుంటూ. ఇంట్లో ఉప్పు ఏ అరలో ఉంటుందో ఈనాటికీ తెలియని మనిషి, దక్షిణాఫ్రికాలోని ఈ టోంగాట్ ఊరి బట్టల ఫ్యాక్టరీలో ఎవరు చురుకో తేల్చేశాడు. అత్త సరస్ రొట్టె కూరలో అద్దుకుంటూ, "మిషన్ తప్పు చెప్పదు, అమ్మా. ఇంటికాడుండు, పనుంది గదా," అంది. ఉంది, ఎందుకు లేదు! జీతం లేని పనిలోంచి ఆడదాన్ని ఏ కంప్యూటరూ తీసెయ్యదు.

ఫ్యాక్టరీ ఆరుగురిని తీసేస్తోంది. పేర్లు కొత్త కంప్యూటర్ ఏరింది, అందులో ప్రేమీదొకటి. అక్కడ కుట్టిన ప్రతి బండిల్‌కీ, అంటే బట్టల కట్టకీ, ఒక చీటీ ఉంటుంది. కుట్టినామె అది చింపి తన కార్డుకు అంటించుకుంటేనే కంప్యూటర్ లెక్కలో పడుతుంది. పక్క మిషన్ మీద కుట్టే ఇవోన్‌కి నెలలు నిండాయి, కాళ్లు వాచాయి. ఆమె వెనకబడకుండా ప్రేమీ తన చీటీలు కొన్ని ఆమె కార్డుకు అంటించేది. ఆ లైనులో కడుపుతో ఉన్నవాళ్లకు అందరూ చేసేదే. ప్రేమీ కడుపుతో ఉన్నప్పుడు ఇవోన్ కూడా చేసింది.

పోయినేడు ఆ దేశంలో అన్ని రంగులవాళ్లకూ ఓటొచ్చాక ఎండలో నిలబడి మొదటిసారి ఓటేసిన చెయ్యే, సూపర్‌వైజర్ ట్రెవర్ తలుపు తట్టడానికి వెనకాడింది. అది చూసి ప్రేమీకి తనమీదే ఒళ్లు మండింది, తట్టి లోపలికెళ్లింది.

"నా పేరెందుకొచ్చింది?"

"నేను కాదు ఆంటీ, కంప్యూటర్ తీసింది."

"ఏం చూసి తీసింది?"

"అది హెడాఫీసోళ్ల సిస్టం. మాకు చెప్పరు."

చెప్పరట! తన చేతకానితనాన్ని దేవుడి మీదికి నెట్టే పూజారి కూడా ఇంత ధీమాగా నెట్టడు.

"నా చీటీలు వేరేవాళ్ల కార్డుకెళ్లడం నువ్వు చూళ్లేదా?"

ట్రెవర్ చూశాడు. లైను మొత్తం లెక్క తగ్గనంతకాలం చూడనట్టే ఉన్నాడు. ఇప్పుడు గొంతు తగ్గించి, "ఎవరికిచ్చావో చెప్పు ఆంటీ. నీ పేరు తీసేసి ఆ పేరు పెడతా. ఆరుగురుండాల గదా," అన్నాడు.

అంటే, కంప్యూటర్ రాసింది ఈ పెద్దమనిషి చెరపగలడన్నమాట! ఇంతసేపూ ఏమీ తెలియదన్నదీ ఈ నోరే. ప్రేమీకి భయం పోయి అసహ్యం మిగిలింది. ఇవోన్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది, అబద్ధమెందుకు. పిల్లల స్కూలు కళ్లముందు తిరిగింది. అయినా ఆ పేరు మింగేసింది.

తలుపు బార్లా తీసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. బయట ఆడవాళ్లు ఇటు తిరిగి చూస్తున్నారు, మిషన్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి.

"మా పేర్లు కంప్యూటర్ ఏరిందన్నావు. సరే. ఆరుగురు కావాలని దానికి చెప్పిందెవరు? ఆ పేరు చెప్పు."