నవ్వుతూ చెప్పాల్సిన మాట

మిషన్లు ఆపేశారు. పట్టపగలు, పదకొండింటికి! మంచినీళ్లకి లేస్తేనే మొహం మాడ్చుకునే సూపర్‌వైజరు, ఇవాళ అరవై మంది ఆడవాళ్లని నిలబెట్టి ఇంగ్లీషు నేర్పుతున్నాడు.

"రేపు మన చొక్కాలు కొనే కంపెనీ మేడమ్ వస్తుంది. 'ఓవర్‌టైమ్?' అని అడుగుతుంది. మీరేమనాలి?"

"వాలెంట్రీ..."

"వెంట్రీ కాదమ్మా, వాలంటరీ! కాస్త నవ్వుతూ అనండి."

కాలర్లు కుట్టీ కుట్టీ కాలరక్క అనే పేరు పడిపోయినామెకి ఇదేమీ నచ్చలేదు. పక్క మిషన్ మీద ఆమె తమ్ముడి భార్య, ఏడో నెల గర్భిణి, నడుం పట్టుకుని నవ్వింది.

"నాకు నోరే తిరగట్లేదు వదినా."

"తిరక్కపోతే పీడా పోయింది."

తొమ్మిదేళ్లలో ఒక్క అక్షరం ముక్క నేర్పనివాడికి ఇప్పుడింత ప్రేమ పుట్టుకొచ్చిందంటే ఏదో మతలబు ఉండే ఉంటుంది. కాలరక్క ఉండబట్టలేక అడిగేసింది.

"సార్, వాలంటరీ అంటే ఏంటండీ?"

"అంటే... అంతా బాగుందని. అర్థాలు నీకెందుకు? పలికితే చాలు."

ఆ మాత్రం చెప్పడానికి అంత నీళ్లు నమలడమెందుకో! భోజనాల వేళ ఆమె దారాలు కత్తిరించే పెద్దమ్మని కదిపింది. పెద్దమ్మ అన్నం డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేసింది.

"మా పాత మిల్లు మూసేటప్పుడు ఈ మాటున్న కాగితం మీదే వేలిముద్ర వేయించారే తల్లీ. నా అంతట నేనే, ఇష్టపడి పని మానేశానట! ఇరవై రెండేళ్ల పని. లాయరు చదివి చెబితేగానీ తెలీలేదు నాకు."

కాలరక్కకి ఒళ్లు మండిపోయింది. మొన్న సాయంత్రం ఆరింటికి మరదలికి కళ్లు తిరిగితే, గేటు తియ్యమని తనే కాళ్లావేళ్లా పడింది. సరుకు పూర్తయ్యేదాకా తాళం తియ్యొద్దని పైనుంచి చెప్పారన్నాడు వాచ్‌మన్. ఎనిమిదిన్నర దాకా ఆ పిల్ల గుడ్డల మూటల మీదే పడుకుంది. ఇదా ఇష్టపడటం!

"మనకెందుకు వదినా, అందరితో పాటు అనేద్దాం," అంది మరదలు భయంగా. "నేను కాన్పుకి మానేశాక నీ పని కూడా పోతే ఇల్లెలా గడుస్తుంది?"

కాలరక్క చెయ్యి కడుక్కోడానికి లేచింది.

మర్నాడు మేడమ్ వచ్చింది. పక్కనే మేనేజరు. వరసగా ఒక్కొక్కరూ నవ్వుతూ ఆ మాట అప్పజెప్పారు. మరదలు కూడా తప్పు లేకుండా అనేసింది, నేల చూస్తూ.

"ఓవర్‌టైమ్?"

ఇప్పుడు కాలరక్క వంతు. మాట నాలుక చివరే ఉంది, అనేస్తే అయిపోతుంది. ఆమె కళ్లు మరదలి వాచిన పాదాల మీద పడ్డాయి.

"నో వాలంటరీ," అంది.

మేనేజరు గబగబా ఏదో సర్దిచెప్పబోయాడు. మేడమ్‌కి వీళ్ల మాట రాదు, కాలరక్కకి ఇంగ్లీషు రాదు. ఆమె గేటు వైపు వేలు చూపించింది. తర్వాత చెయ్యెత్తి, గాలిలో తాళం వేస్తున్నట్టు పిడికిలి తిప్పింది. మేడమ్‌కి అర్థమైందో లేదోనని మళ్లీ తిప్పింది.

వెనక వరసలో దారాలు కత్తిరించే పెద్దమ్మ కత్తెర కింద పెట్టి, తనూ చెయ్యెత్తి తిప్పింది.