మేనత్త చేతి ముద్ద

ఫెలేటి ముందుగా చూసింది బిడ్డ అరచేతులు. పొద్దుటి ఎండలో చాప మీద వెల్లకిలా పడుకుని వికా చేతులు ఎగరేసి ఆడుకుంటోంది. ఆ చేతులు పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి. వంగి చూస్తే ముక్కు కొన కూడా అంతే.

"లెసియేలీ, ఇలా రా. దీని చేతులు చూశావా?"

పెరట్లో బట్టలు ఆరేస్తున్న భార్య తల తిప్పలేదు. "ఎండలో ఏదైనా అలాగే కనిపిస్తుంది."

"నేనేమన్నా గుడ్డివాణ్ణా?"

"కాదులే. అన్నీ నీకొక్కడికే కనిపిస్తాయి."

ఆ జవాబే అతనికి నచ్చలేదు. తల్లి అన్నది చేతిలో బట్ట కింద పడేసి పరుగెత్తుకు రావాలి. ఈమె పిన్నులు వెతుక్కుంటోంది.

వికాకు ఆరు నెలలు నిండాయి. ఇక మెత్తటి తిండి మొదలుపెట్టమని ఊరి ఆసుపత్రిలో నర్సు చెప్పింది. లెసియేలి చిలగడదుంప ఉడికించి, కొబ్బరిపాలు పోసి మెదిపి, చెంచాతో నోటిదాకా తెస్తే బిడ్డ పెదాలు బిగిస్తుంది. బలవంతాన పెడితే ఊసేస్తుంది. సీమపనస పెట్టినా అంతే, చేమదుంప పెట్టినా అంతే. అయినా బిడ్డ చిక్కలేదు. తొడలు మడతలు పడుతున్నాయి. అంటే ఎక్కడో ఏదో లోపలికి పోతోంది.

ఎక్కడన్నది ఫెలేటికి తెలుసు. కంచె అవతల, అక్క ఇంట్లో.

అక్క కలోలైనేకు భర్త పోయాడు, పిల్లలు లేరు. లెసియేలి చాపలల్లే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా బిడ్డ ఆమె ఒళ్ళోనే ఉంటుంది. వికా అని పేరు పెట్టింది కూడా ఆమే. వవావు దీవిలో మేనత్త అంటే పండక్కి వచ్చి పోయే చుట్టం కాదు. తమ్ముడి ఇంట్లో పంది కావాలన్నా, చాప కావాలన్నా, చివరికి బిడ్డ కావాలన్నా ఆమె అడుగుతుంది. అడిగాక కాదనడం ఉండదు.

అలా పోయినవాణ్ణి ఫెలేటి చూశాడు. అతని చిన్నతనంలో నాన్న అక్కగారు వచ్చింది, కడుపునిండా తిన్నది, చెయ్యి తుడుచుకుని ఫెలేటి ఆఖరి తమ్ముడి వైపు వేలు చూపించింది. "వీడు నాకు" అంది. నాన్న "మంచిది" అన్నాడు. అంతే. అమ్మ గోడవైపు తిరిగింది. ఆ తమ్ముడు ఇప్పుడు రాజధానిలో ఉంటాడు. ఎప్పుడైనా వస్తే గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా అని అడుగుతాడు. సొంత ఇంట్లోకి.

నలభై అయిదేళ్ళకు పుట్టిన బిడ్డ. ఈ ఒక్కటీ పోతే ఇంకేముంది?

పోనీ అక్కను అడిగి తేల్చుకుందామంటే అదీ కుదరదు. మీసం మొలిచిన నాటి నుంచి అక్క ముందు వాకిట్లోంచి వస్తే తమ్ముడు వెనక వాకిట్లోంచి వెళ్ళిపోవాలి. ఆమె ఎదుట పరాచికం ఆడకూడదు, గొంతు పెంచకూడదు. ఏ మాటైనా లెసియేలి మోసుకెళ్ళి మోసుకురావాలి. మర్యాద అంటారు దీన్ని. అడిగే నోరే లేనప్పుడు అనుమానం చచ్చేదెలా? తిని కూర్చుని బలుస్తుంది.

కంచె బాగుచేసే నెపంతో అతను అటువైపు కాపు కాశాడు. అక్క వంటపాక పక్కన బొప్పాయి తొక్కలు కుప్పగా పడి ఉన్నాయి. కోళ్ళు పొడుచుకుంటున్నాయి. ఒంటి మనిషికి అన్ని బొప్పాయిలా?

"ఏం ఫెలేటీ, వారం నుంచీ ఆ ఒక్క గుంజే పాతుతున్నావు. చిగురేస్తుందనా?" దారినపోతూ పడవ నడిపే సెఫితా నవ్వాడు. "నీ కూతుర్ని చూశాన్రోయ్. గుమ్మడిపాదు కింద దొరికిందా ఏంటి, ఆ రంగు?"

"నీ పని నువ్వు చూసుకో."

ఆ మధ్యాహ్నమే బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నర్సు కనురెప్పలు లాగి చూసింది, పొట్ట నొక్కి చూసింది. "కళ్ళు తెల్లగానే ఉన్నాయి. కామెర్లు కాదు. బొప్పాయో గుమ్మడికాయో మరీ ఎక్కువ పెడుతున్నారు. తగ్గించి వేరేవి కూడా పెట్టండి, రంగు పోతుంది. బాగా తింటోంది, మంచిదే!"

ఫెలేటి భార్య వైపు చూశాడు. లెసియేలి గోడకు అంటించిన దోమ బొమ్మను జన్మలో దోమను చూడనట్టు చూస్తోంది.

దారిలో అడిగాడు. "మనింట్లో బొప్పాయి ఎప్పుడు వండావు?"

"చెట్టుందిగా."

"చెట్టుకు కాయలేవీ?"

"అయితే వెళ్ళి మీ అక్కనే అడుగు." అడగలేడని తెలిసే అంది.

అతనికి అంతా అర్థమైపోయినట్టే ఉంది. తల్లి పెడితే ఊసేసే బిడ్డ మేనత్త పెడితే మింగుతోందని ఊళ్ళో పొక్కితే చాలు. బిడ్డే నన్ను కోరుకుందని అక్క నలుగురిలో అనవచ్చు. ఎంత నెమ్మదిగా, ఎంత తీయగా కానిస్తోంది పని!

ఇంటికి రాగానే చెప్పేశాడు. "రేపు సెఫితా పడవలో నువ్వూ బిడ్డా మీ అమ్మ దీవికి వెళ్ళండి. దానికి పళ్ళొచ్చేదాకా అక్కడే."

"ఈ గాలిలోనా? పసిదాన్ని వేసుకునా?"

"ఇక్కడుంటే మనకు దక్కదు. అక్క ఎత్తుకుపోతుంది."

లెసియేలి ఖాళీ గిన్నె తీసుకుని బయటికి వెళ్ళింది. ఖాళీ గిన్నెతో ఎక్కడికి? అదీ గుర్తుపెట్టుకున్నాడు ఫెలేటి.

తెల్లవారి మూట కట్టి ఉండగా కలోలైనే ముందు వాకిట్లోంచి వచ్చింది. అతని కాళ్ళు వాటంతటవే వెనక వాకిలి వైపు కదిలాయి.

"కూర్చో తమ్ముడూ."

కూర్చున్నాడు, నేల చూస్తూ. ఇన్నేళ్ళలో అక్క నేరుగా అతనితో మాట్లాడటం ఇదే మొదలు.

"బిడ్డకు తినిపించేది నేనే. లెసియేలే దీన్ని తెచ్చి ఇస్తోంది."

"వదినా!" అంది లెసియేలి.

"నువ్వుండవే. తన చేతి ముద్ద బిడ్డ ఊసేస్తోందని ఈ పిల్ల నా వంటపాకలో కూర్చుని ఏడ్చిందిరా. నీకు తెలిస్తే తల్లిగా పనికిరావంటావని భయం. బొప్పాయి వండి పెట్టాను, తిన్నది. మళ్ళీ పెట్టాను. దీన్ని తీసుకోవాలనుంటే నాకు బొప్పాయిలు దేనికి? పుట్టిననాడే అడిగేదాన్ని. ఏమనేవాడివి?"

"మంచిదనేవాణ్ణి."

"అడిగానా?"

"లేదు."

"ఎందుకడగలేదో ఆలోచించావా? తమ్ముణ్ణి తీసుకుపోయిన నాడు అమ్మ పక్కన పడుకుని ఆమె ఏడుపు విన్నది నేను. నువ్వు మామిడిచెట్టు ఎక్కి కూర్చున్నావు."

ఫెలేటి సిగ్గుపడాల్సింది, కానీ ఇంత నేరుగా మాట్లాడుతోందంటే ఇందులో ఏముందా అని మనసు తడుముకుంటూనే ఉంది. అది అతని మొహంలో కనిపించి ఉండాలి. కలోలైనే మూట వైపు చూసింది, అతని వైపు చూసింది.

"ఇన్నాళ్ళూ అడగనిదాన్ని నమ్మలేకపోయావు కదూ. సరే. ఇప్పుడు అడుగుతున్నాను. బిడ్డ నాది."

లెసియేలి చెయ్యి మూట మీదే ఆగిపోయింది. ఫెలేటి నోరు తెరిచాడు. లోపల ఎన్ని కేకలున్నా బయటికి వచ్చింది ఒక్కటే.

"మంచిది."

"నా బిడ్డ కనక ఇక నా మాట చెల్లుతుంది. ఇది పడవెక్కదు. తల్లి పాలు తాగుతుంది, తల్లి పక్కనే పడుకుంటుంది. రెండు పూటలా నా దగ్గర తింటుంది. బొప్పాయి తగ్గించి చేపా, ఆకుకూరా అలవాటు చేస్తాను. లెసియేలి పక్కన కూర్చుని తనూ పెడుతుంది. నన్నడక్కుండా దీన్ని ఈ గడప దాటించే హక్కు ఎవరికీ లేదు. నీకసలే లేదు."

లెసియేలి కళ్ళు తుడుచుకుని మూట విప్పసాగింది. మధ్యలో తల ఎత్తి వదిన వైపు చూసింది. ఆ చూపులో ఏముంది? కృతజ్ఞతా, లేక ఇద్దరూ ముందే అనుకున్న మాటా? అడగడానికి ఒకరి ముందు నోరు లేదు, ఇంకొకరి ముందు మొహం లేదు. ఫెలేటి లేచి బయటికి నడిచాడు.

రేవులో సెఫితా తాడు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "ఏరీ మీవాళ్ళు? నీడకు గుడ్డ కూడా కట్టించానే."

"రావడం లేదు."

"ఏం, నీ బిడ్డకు బాగాలేదా?"

"బాగానే ఉంది. తింటోంది." నీళ్ళకేసి చూస్తూ అన్నాడు. "నా బిడ్డ కాదు. మా అక్క బిడ్డ."

సెఫితా నవ్వబోయి అతని మొహం చూసి మానేశాడు. వంగి నీడగుడ్డ ముడులు విప్పడం మొదలుపెట్టాడు.