గుత్తులు కట్టని గొట్టం

రక్తం గొట్టాలున్న సెంట్రిఫ్యూజ్ గిరగిరా తిరిగి ఆగేలోపు గుత్తులమ్మగారు మూడుసార్లు గడియారం చూసింది. మూత తెరిచి, ఒక గొట్టాన్ని బల్లదీపం దగ్గర పెట్టి మెల్లగా వంచింది. అడుగున ఎర్రటి గుత్తులు. రెండోదీ అంతే. పన్నెండూ అంతే.

ఆ పేరు ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు ల్యాబ్‌లో వాళ్లు పెట్టిందే. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎవరు గొట్టం పట్టుకొచ్చినా "గుత్తులు కట్టిందా?" అనడమే తప్ప, "బాగున్నావా?" అని అడిగిన పాపాన పోలేదు. ఒకరి రక్తం ఇంకొకరికి పడకపోతే ఎర్రకణాలు గుత్తులు కడతాయి. కట్టకపోతే ఎక్కించవచ్చు. ఆవిడ జీవితమంతా ఈ రెండు ముక్కల్లోనే గడిచిపోయింది. ఇవాళ సాయంత్రం ఐదింటితో ఆ ఉద్యోగమూ అయిపోతుంది.

పొద్దున పై అంతస్తు నుంచి ఒక బాలింత రక్తం వచ్చింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగలేదు, ఆపరేషన్ చెయ్యాలి, ఒక్క సంచి అయినా కావాలన్నారు. ఓ గ్రూపే, కానీ ఏ ఓ గ్రూపు రక్తంతో కలిపినా గుత్తులే. అక్కదీ పనికిరాలేదు, తమ్ముడిదీ పనికిరాలేదు.

గుత్తులమ్మగారికి ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఫ్రీజర్ అడుగు నుంచి ఒక చిన్న సీసా తీసింది. పందొమ్మిదేళ్ల కిందట ఇలాగే ఎవరి రక్తమూ పడక, పై అంతస్తులోనే కన్నుమూసిన ఒకావిడ సీరమ్ అది, రక్తం మీద తేరే పల్చటి నీరు. అందరి ఎర్రకణాల మీదా ఉండే ఏదో గుర్తు ఆవిడకి లేదు; ఆ గుర్తున్న ఏ కణాలనైనా ఈ సీరమ్ గుత్తులు కట్టిస్తుంది. అలాంటి మనిషి ఇంకొకరు దొరుకుతారేమోనని ఆ సీరమ్‌తో పదకొండు వేల మంది రక్తాన్ని పరీక్షించింది. దొరకలేదు. ఇప్పుడు బాలింత కణాల మీద ఒక చుక్క వేసి, తిప్పి, వంచింది.

గుత్తులు లేవు!

"దొరికిందే! పందొమ్మిదేళ్లకి దొరికింది!" అని అరిచింది.

పక్కబల్ల దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియన్ తల ఎత్తింది. "దొరికింది సరే మేడమ్, ఆ పిల్లకి ఇచ్చేవాళ్లెవరు?"

సంబరం నీరుగారిపోయింది. రిజిస్టరు తిరగేసింది. వాచ్‌మన్ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా పరీక్షించిన అందరి నంబర్లూ ఉన్నాయి, అందరివీ గుత్తులే.

"ఇంక మిగిలింది మీరూ, ఆ గోడ గడియారమూ" అంది టెక్నీషియన్.

పరీక్ష చేసేవాళ్లు తమ రక్తాన్ని పరీక్షలో కలపకూడదు, మనసు కళ్లని మోసం చేస్తుంది అనేవారు ఆవిడ గురువుగారు. ఆ గీత ఆవిడ ఏనాడూ దాటలేదు. ఇవాళ కోటు చెయ్యి పైకి మడిచింది.

"తియ్యవే. వంచి చూసేది మాత్రం నువ్వే. నా కళ్లని నేను నమ్మను."

టెక్నీషియన్ రక్తం తీసి, పాత సీరమ్ చుక్క వేసి, తిప్పి, వంచింది. కణాలు ఎర్రటి పొగలా సాఫీగా జారాయి. మళ్లీ చేసింది. మూడోసారి బాలింత సీరమ్‌తోనే చేసింది. సాఫీగానే జారాయి.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను కదే!" అని గుత్తులమ్మగారు పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఆ పాత సీసా చూసి ఆగిపోయింది. ఆ సీరమ్ ఆవిడ పోయిన రోజున కూడా తన ఈ చెయ్యి ఇక్కడే ఉంది. ఇదే బల్ల మీద ఆనుకుని ఉంది.

"ఏడవడం తర్వాత. ముందు పడుకోండి" అని టెక్నీషియన్ గద్దించింది.

పడుకుంది. సంచి నిండుతుంటే చిన్నపిల్లలా తల ఎత్తెత్తి చూసింది. మిగతా పరీక్షలన్నీ పరుగుల మీద చేశారు. నాలుగున్నరకి పైనుంచి ఫోన్ వచ్చింది. రక్తస్రావం ఆగింది, బాలింత కళ్లు తెరిచి బిడ్డనడిగింది. ల్యాబంతా ఒకటే కేకలు, చప్పట్లు. గుత్తులమ్మగారికి చదవాల్సిన వీడ్కోలు కాగితం ఎవరి జేబులోనో ఉండిపోయింది.

ఐదింటికి ఆవిడ కోటు కొక్కానికి తగిలించి, తాళాలు టెక్నీషియన్ చేతిలో పెట్టి మెట్లు దిగింది. గేటు దగ్గర ఎదురుచూస్తున్న భర్త, ఆవిడ మోచేతి మీది దూది చూసి, "ఆఖరి రోజు కూడా వదల్లేదా వీళ్లు?" అన్నాడు.

"నేనే వదల్లేదు. పదండి, చెప్తాను."

పైన బల్లదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. దాని కింద, స్టాండు చివర, గుత్తులు కట్టని గొట్టం ఒకటి మిగిలింది. నంబరు వెయ్యాల్సిన చోట హడావిడిగా అతికించిన చీటీ మీద ఆవిడ చేతిరాతతో "నేను" అని ఉంది.