అన్నయ్యకీ జబ్బు లేదట

నాకు ఆగడం చేతకాదు. పొయ్యి మీద పాలు పెట్టి ఊరికే మూత తీసి చూసే రకాన్ని. అలాంటిదాన్ని తీసుకొచ్చి జన్యు పరీక్షల ల్యాబులో కూర్చోబెట్టారు.

మా నాన్నకు ముసలితనం రాకముందే చూపు పోయింది. మొదట మసక వెలుతురులో కనబడటం మానేసింది, తర్వాత పక్కలు, చివరికి అంతా. అన్నయ్యదీ అదే దారి. అతని జన్యువులను అక్షరం అక్షరం చదివించి, తేడాలను ఆన్‌లైన్ డేటాబేసుల్లో వెతికితే, ముక్కూమొహం తెలియని ఎవరి కుటుంబంలోనో ఇదే జబ్బు తెచ్చిన ఒక్క అక్షరం తేడా అన్నయ్యలోనూ దొరికింది. అలాంటి ప్రతి చోటుకూ ఇంటి నంబరులా ఒక పొడవాటి అంకె ఉంటుంది. అన్నయ్య అంకె నాకు నోటికొచ్చు.

ఈమధ్య చెల్లి సాయంత్రంపూట గడపలు తగిలి తూలుతోంది. అది బడి వ్యాను నడుపుతుంది, ఆ వ్యానంటే దానికి ప్రాణం. "నాకూ మొదలైతే చెప్పెయ్యక్కా, తాళాలు ఇచ్చేస్తాను" అని రక్తం ఇచ్చి వెళ్లింది.

దాని ఫైలు ఇవాళ పొద్దున వచ్చింది. సొంతవాళ్ల ఫైలు ఒంటరిగా తెరవకూడదని మా దగ్గర నియమం. తెరిచాను. అన్నయ్య అంకె కొట్టాను. అక్కడ ఏ తేడా లేదు!

అన్నయ్య ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తున్న చెల్లికి వెంటనే ఫోన్ చేశాను. "నీకు లేదే!" అన్నాను. అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను, వెనక అన్నయ్య ఈల వేశాడు.

ఫోన్ పెట్టేసరికి మా పెద్దసారు నిలబడి ఉన్నారు. చాటుగా ఆయన్ని 'అనుమానం' అంటాం. విషయం విని, "మంచిదేనమ్మా. మీ అన్నయ్య ఫైల్లో కూడా అదే అంకె కొట్టండి" అన్నారు.

"ఆయనకు ఉందని తెలుసు కదా సార్."

"ఉన్నవాడిలో కనబడితేనే కదా, లేనివాళ్లలో లేదని నమ్మేది?"

కొట్టాను. ఏమీ లేదు.

"బాగుంది. ఈ లెక్కన మీ అన్నయ్యకీ జబ్బు లేదు."

అప్పుడు వెలిగింది నాకు. నేను బట్టీపట్టిన అంకె పాత పటానిది. జన్యువుల పటాన్ని తర్వాత సరిదిద్దారు, అంకెలు జరిగిపోయాయి. మా ఫైళ్లన్నీ ఇప్పుడు కొత్త పటం ప్రకారమే ఉంటాయి. వీధికి కొత్త నంబర్లు వేశాక పాత నంబరు పట్టుకుని ఎవరింటి తలుపో కొట్టి, "ఇక్కడ దొంగ లేడు" అని చాటింపు వేశానన్నమాట.

అక్కడ చెల్లి నవ్వుతూ ఉంటుంది. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. సారే కుర్చీ లాక్కున్నారు. జన్యువు పేరుతో డేటాబేసులో ఆ తేడాను వెతికి, కొత్త అంకె తీశారు. ముందు అన్నయ్య ఫైలు తెరిచారు. ఉంది, నిక్షేపంగా ఉంది. తర్వాత చెల్లిది. నేను కళ్లు మూసుకున్నాను.

"చూడండమ్మా."

అమ్మ వైపు నుంచి వచ్చిన జన్యువులోనూ, నాన్న వైపు నుంచి వచ్చిన జన్యువులోనూ ఉండాల్సిన అక్షరమే ఉంది. లేదు, నిజంగానే లేదు! ఒళ్లంతా తేలికైపోయి సారు చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆయన పాపం మొహమాటపడి, "కంటి డాక్టరుకు చూపించమనండి, అద్దాలు కావాలేమో" అన్నారు.

మళ్లీ ఫోన్ చేశాను. "ఈసారి ఖాయంగా లేదే."

"ఈసారేంటి? పొద్దున చెప్పిందేంటి మరి?"

జరిగింది చెప్పాను. అది నన్ను కడిగిపారేస్తుంటే అన్నయ్య ఫోన్ లాక్కున్నాడు.

"ఆ కొత్త అంకె దగ్గర నాది కూడా చూశావా?"

"చూశాను."

"నాకు ఉందా?"

"ఉందన్నయ్యా."

"హమ్మయ్య!" అన్నాడు. "అయితే దానికి లేనట్టే."