దళవాయి వేషం

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న పాత ఇల్లు సాంబమూర్తిది. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం దొరికి తెనాలి వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చాడు. ఇక్కడే రిటైరయ్యాడు. మేడమీద రేకుల షెడ్డు వేయించి అందులో నాటకాలు ఆడించేవాడు. ఆయన రాసినవాటిలో జనం మళ్ళీ మళ్ళీ అడిగేది ఒక్కటే. ఒక సేనాపతి, దళవాయి, తనను పెంచిన రాజును మోసం చేసి, రాత్రికి రాత్రి శత్రువుకు కోట తలుపులు తీసి గద్దె ఎక్కుతాడు. ఎక్కిన తర్వాత ఎవరిని చూసినా భయమే. ఆ వేషం ఎప్పుడూ సాంబమూర్తిదే.

ఆయన వెనక బల్లెం పట్టుకుని నిలబడే భటుడు ఆనంద్ కుమార్. నల్గొండ వైపు పల్లెనుంచి వచ్చి కరెంటాఫీసులో పనిచేస్తూ ఎల్బీనగర్‌లో కిరాయికి ఉండేవాడు. పద్యం అతని గొంతులోకి ఎక్కించింది సాంబమూర్తే. "ఆనందూ, గొంతుతో కాదురా, కడుపుతో పలకాలి" అని పొట్టమీద చెయ్యి వేసి నేర్పాడు. దళవాయి మాటలన్నీ ఆనంద్‌కు కంఠతా వచ్చు. ఆ వేషం తనకిమ్మని అడిగే ధైర్యమే రాలేదు.

రెండువేల పదకొండులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, కరెంటు వచ్చేది పోయేది తెలియదు. ఆనంద్ కుమార్ పొద్దంతా ధర్నా శిబిరంలో కూర్చునేవాడు. రాష్ట్రం రావాలన్న కోరిక అతనికి నిజంగానే ఉండేది. అందులో అబద్ధం లేదు. సాయంత్రం అలాగే దుమ్ముకాళ్ళతో షెడ్డుకు వెళ్ళేవాడు.

ఒక సాయంత్రం సగంమంది రిహార్సల్‌కు రాలేదు. మిగిలినవాళ్ళు రాష్ట్రం సంగతే మాట్లాడుకుంటున్నారు. సాంబమూర్తి నవ్వి అన్నాడు. "రాష్ట్రం వస్తే మంచిదే. మీరు కష్టపడ్డారు, రావాలి కూడా. వచ్చినా రాకపోయినా మన నాటకం మనం ఆడాలిగా. రిహార్సల్ మానకండి." రాజు కూతురి వేషం వేసే సింధు, ఇంకో ఇద్దరు ఆ మాట విన్నారు. ఆనంద్ కూడా విన్నాడు.

ఆ వారంలోనే ఎల్బీనగర్ జేఏసీ నాయకుడు సీతారాములు అతన్ని పక్కకు పిలిచాడు.

"తమ్మీ, ఊరూరా తిరగనీకె మనకొక కళాబృందం కావాలె. మీ నాటకపోళ్ళను కలుపుకుందమనుకుంటున్నం. గని మీ పెద్దమనిషి గుంటూరు దిక్కాయన గద. మనకెట్ల?"

ఆనంద్ కుమార్ రేపు చెప్తానని ఇంటికి వచ్చాడు. భార్య సాధన అప్పుడే డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ప్రైవేటు దవాఖానలో నర్సు ఆమె. సంగతి విని తల కూడా ఎత్తలేదు.

"పదిహేనేండ్ల సంది గాయన ఎనక బల్లెం పట్టుకోని నిలవడ్డవ్. మన దినాలొచ్చినప్పుడు గూడ ఎనకనే ఉంటవా?"

"సార్ నాకు నేర్పిండు, సాధనా."

"నేర్పితే? సచ్చేదాంక భటునివేనా? నేను గూడ గట్లనే ఉన్న, డాక్టర్ల ఎనక ట్రే పట్టుకోని. ఇంట్ల ఒక్కరన్న ముందటికి రావాలె."

మర్నాడు సీతారాములు మళ్ళీ పిలిచి, రాష్ట్రం గురించి మీ పెద్దమనిషి ఏమంటాడని అడిగాడు. ఆనంద్ సాంబమూర్తి అన్న మొదటి మాట మింగేశాడు. రెండో మాటను కొద్దిగా వంచాడు. "రాష్ట్రం గీష్ట్రం ఏం రాదు, రిహార్సల్ చూసుకోండ్రి అన్నడన్నా."

సీతారాములు మొహం చిట్లించి ఊరుకున్నాడు. పక్కన ఉన్న కుర్రాళ్ళు మాత్రం ఊరుకోలేదు. తెల్లారగానే మేడెక్కి షెడ్డులోకి జొరబడ్డారు. తెరలు, కిరీటాలు, పట్టుబట్టలు మేడమీంచి సందులోకి విసిరి నిప్పు పెట్టారు. "నేను అలా అనలేదు బాబూ, నా మాట వినండి" అంటూ సాంబమూర్తి ఒక్కొక్కరి చేతులూ పట్టుకున్నాడు. ఒకడు తోశాడు. మెట్లమీద కూలబడ్డాడు.

సందు మొదట్లో నిలబడి ఆనంద్ కుమార్ అంతా చూశాడు. పరుగెత్తుకెళ్ళి ఆ ఒక్క మాటా చెప్పేస్తే సరిపోయేది. కాళ్ళు కదలలేదు.

సాయంత్రం సీతారాములు తిట్టాడు. "మేం గట్ల చెయ్యమన్నమా? గిదేం పద్ధతి? ముసలాయన మీద చెయ్యేస్తరా?" కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. నిజంగా ఆయన ఆ మాట అన్నాడా అని ఎవరూ అడగలేదు. నెల తిరక్కుండా ఆనంద్ కుమార్ కళాబృందం కన్వీనరయ్యాడు. షెడ్డులో ఆడేవాళ్ళూ అందులో కలిశారు, రిహార్సల్స్ జేఏసీ ఆఫీసు మేడమీదికి మారాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లెక్సీమీద అతని ఫోటో పడింది. సాధన దాన్ని చూడటానికి ఆటో దిగింది, చాలాసేపు నిలబడింది.

అప్పటినుంచి అతనికి సింధు భయం పట్టుకుంది. ఆ అమ్మాయి ఆ సాయంత్రం షెడ్డులో ఉంది, అసలు మాట విన్నది. రిహార్సల్‌లో ఆమె తనవైపు చూస్తే చాలు, పద్యం మధ్యలో తెగిపోయేది. చివరికి ఒకరోజు పక్కకు పిలిచాడు.

"నువ్వు రేపట్నుంచి రాకమ్మా. మీది ఆంధ్ర కుటుంబం. నీ మంచికే చెప్తున్న."

"మీరు చెప్తున్నారా సార్, వాళ్ళు చెప్పమన్నారా?"

ఎవరూ చెప్పమనలేదు. సింధు చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. ఆమె తర్వాత ఆ మాట విన్న మిగతా ఇద్దరూ, ఏ కారణమూ చెప్పకుండానే, రావడం మానేశారు.

ఆ దళవాయి నాటకమే ఎల్బీనగర్‌లో బయలు వేదికమీద ఆడారు. దళవాయిగా ఆనంద్ కుమార్ అడుగుపెట్టగానే చప్పట్లు కొట్టారు. అయితే నోరు తెరిస్తే సాంబమూర్తి గొంతే వచ్చింది. చెయ్యెత్తితే అది ఆయన చెయ్యే. దిగి వస్తుంటే ఎవరో పెద్దాయన ఆప్యాయంగా భుజం తట్టాడు. "అచ్చం సాంబమూర్తి సార్ లెక్కనే చేసినవ్ బిడ్డా. ఏమైండు ఆయన, కానొస్తలేడు?"

సాంబమూర్తికి పక్షవాతం వచ్చింది. సాధన పనిచేసే దవాఖానలోనే చేర్చారు. నోరు ఒక పక్కకు వంగింది, మాట ఒక్కొక్కటిగా పడుతోంది. సాధన ఆయనకు మందులు ఇచ్చి, పక్క మార్చి, నోరు తుడిచేది. రోజూ ఇంటికొచ్చి కంచం ముందు ఊరికే కూర్చునేది. ఒకనాడు చెప్పింది.

"ఇయ్యాల నన్నడిగిండు. ఆనందు గొంతు ఎట్లుందమ్మా, రోడ్లమీద పాడుతున్నడు గద, మిరియాల పాలు ఇస్తున్నవా అని." మాట వంచిన సంగతి ఆనంద్ ఆమెకొక్కతెకే చెప్పి ఉన్నాడు. ఆమె కంచం పక్కకు జరిపింది. "నేనే నిన్ను ఎగదోసిన. నాతోటి అయితలేదు. పొయ్యి చెప్పు."

ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిశాక ఆనంద్ కుమార్ ఆసుపత్రికి వెళ్ళాడు. అతన్ని చూసి సాంబమూర్తి కళ్ళు వెలిగాయి. మంచం పక్కన ఆయన భార్య సూర్యప్రభ బత్తాయి తొనలు వలుస్తోంది. ఆనంద్ నిలబడే మొత్తం చెప్పాడు. తను ఏం విన్నాడో, ఏం మింగాడో, ఏం వంచాడో.

సాంబమూర్తి పెదవులు కదిలాయి. "నువ్వా," అన్నాడు. అంతే. తల అటువైపు తిప్పుకున్నాడు.

సూర్యప్రభ ఆనంద్‌ను వరండాలోకి తీసుకొచ్చింది. కేకలు వేయలేదు. ఆమె కూడా బాగా అలిసిపోయి ఉంది.

"ఎందుకు చెప్పావయ్యా?"

"తప్పయిందమ్మా. దాచుకోలేకపోయిన."

"నీ బరువు నువ్వు దించుకున్నావు. ఎక్కడ దించావో చూశావా? ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళు, ఆవేశంలో చేశారులే అని ఇన్నాళ్ళూ సర్దుకున్నాడాయన. వాళ్ళని క్షమించాడు కూడా. ఇప్పుడు ఈ మంచంమీద పడుకుని నిన్నేం చేసుకోవాలి?"

ఆనంద్ చేతులు జోడించాడు. "సార్ కాళ్ళు పట్టుకుంటనమ్మా" అన్నాడు. "ఆ కాళ్ళు కదలవు, ఊరుకో," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

కన్వీనరు పని వదిలేస్తున్నానని ఆనంద్ సీతారాములుకు చెప్పాడు. అన్న మాటను తనే మార్చానని కూడా చెప్పాడు. సీతారాములు అతన్ని గది మూలకు లాగి, "గీ మాట ఇగ ఎవలకు చెప్పకు. ఉద్యమానికి మచ్చ," అన్నాడు. మర్నాటికే ఇంకొకర్ని పెట్టారు. ఫ్లెక్సీమీద ఫోటో మారింది. సింధు ఇంటికి కూడా వెళ్ళాడు. వాళ్ళమ్మ తలుపు సగమే తీసి, అమ్మాయి లేదంది. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

సాంబమూర్తి తర్వాత సంవత్సరం పోయాడు. ఇల్లు కోచింగ్ సెంటరువాళ్ళు కొన్నారు. సూర్యప్రభ నాగోల్‌లో అపార్టుమెంటుకు మారింది. అంత్యక్రియలనాడు ఆనంద్, సాధన గేటు దగ్గర నిలబడ్డారు. సూర్యప్రభ చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు కొత్తపేట చౌరస్తా గులాల్ రంగుపొడితో నిండిపోయింది. డప్పుల మధ్య సీతారాములు అతన్ని గుర్తుపట్టి చెయ్యి పట్టి లాగాడు.

"రా తమ్మీ, ఆడు! నువ్వు గూడ కొట్లాడినవ్ గద!"

"జర అలసిపోయిన అన్నా," అన్నాడు ఆనంద్ కుమార్.

ఇంటికి నడిచి వచ్చేసరికి సాధన కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పక్కన కుర్చీ లాక్కుని అతనూ కూర్చున్నాడు. ఎన్నేళ్ళుగానో కోరుకున్న పండుగ కింద వీధిలో సాగిపోతుంటే ఇద్దరూ వింటూ ఉండిపోయారు. కిందికి పోదామని ఎవరూ అనలేదు.